అందరి చేతులూ చేరే పళ్లెం

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) చేసిన ఆతిథ్యాన్ని దివ్య ఖుర్‌ఆన్ హూద్, జారియాత్ సూరాలలో వివరిస్తుంది. పరిచయం లేని అతిథులు ఆయన ఇంటికి వచ్చారు. పరస్పరం సలాములు జరిగాయి. ఏం తింటారని అడిగి ఆయన వారిని ఇబ్బంది పెట్టలేదు. చడీచప్పుడు లేకుండా లోపలికి వెళ్లి, కాల్చిన దూడ మాంసం తెచ్చి వారికి దగ్గరగా ఉంచారు. కానీ అతిథుల చేతులు ఆ భోజనం వైపు సాగలేదు. అది గమనించి ఆయన మనసు కలవరపడింది. వచ్చినవారు దైవదూతలని, వారికి ఆహారంతో పని లేదని ఆ తరువాతే తెలిసింది.

ధర్మవేత్తలు ఈ సంఘటన నుంచి ఆతిథ్య మర్యాదలెన్నో గ్రహించారు. అతిథిని నిరీక్షింపజేయకపోవడం, ఇంట్లో ఉన్నదానిలో మేలైనది పెట్టడం, అతిథినే లేచి రమ్మనకుండా భోజనాన్ని అతని దగ్గరికి చేర్చడం వాటిలో కొన్ని. వీటితోపాటు మన తల్లులు గుర్తుంచుకోదగినది మరొకటి ఉంది. వడ్డించగానే ఆతిథ్యం పూర్తికాదు. అతిథి చేయి పళ్లెం వైపు సాగిందో లేదో చూడటం కూడా అందులో భాగమే.

బడులకు సెలవులు వచ్చాయంటే ఈ మర్యాద మరింత అవసరమవుతుంది. సెలవుల్లో ఏదో ఒక సాయంత్రం మన పిల్లలు తమ స్నేహితులను ఇంటికి పిలుస్తారు. వచ్చేవారిలో అన్ని ఇళ్ల పిల్లలూ ఉంటారు. మాంసం ముట్టని ఇంటి అమ్మాయి ఉండవచ్చు, గుడ్డు కూడా తినని అబ్బాయి ఉండవచ్చు, వెల్లుల్లి వాడని జైన కుటుంబం పిల్లలు ఉండవచ్చు. పెద్దవారైతే తమ నియమాన్ని నోరు తెరిచి చెబుతారు. తొమ్మిదేళ్ల పిల్ల చెప్పలేదు. స్నేహితురాలి తల్లిని ‘ఇందులో ఏం కలిపారు?’ అని అడగడానికి జంకుతుంది. ఆకలిగా లేదని చెప్పి, చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని ఒక పక్కన నిలబడుతుంది.

ఆ పిల్ల ఇబ్బంది మనకు కొత్తది కాదు. మన పిల్లలు ఇతరుల ఇళ్లలో పుట్టినరోజు వేడుకలకు వెళ్లినప్పుడు చికెన్ ముక్క ముందు ఇలాగే ఆగిపోతారు. అది జబహ్ చేసిందో కాదో తెలియదు, అడగాలంటే బిడియం. ‘మీ వాడి కోసం విడిగా తెప్పించాను’ అని ఆ ఇంటి ఇల్లాలు చెప్పినప్పుడు మనకు ఎంత ఊరట కలుగుతుందో మనకు తెలుసు. మన నియమాన్ని పొరుగువారు గౌరవించాలని కోరుకునే మనం, వారి నియమాన్ని మన వంటింట్లో అంతే శ్రద్ధగా కాపాడాలి. వారు అడగకముందే కాపాడటం మరింత మేలు.

అందుకే ఈ నెల మాంసం, గుడ్డు రెండూ లేని ఒక చిరుతిండిని ఎంచుకున్నాం. అది చీజ్ పాస్తా కరకర. ఎయిర్ ఫ్రయర్‌లో తయారవుతుంది. మూకుడు నిండా నూనె అక్కరలేదు. అందరికీ ఒకే పళ్లెంలో పెట్టవచ్చు. ఒక బిడ్డ కోసం వేరే గిన్నె పెట్టి, ఆ బిడ్డను మిగతావారి నుంచి విడిగా కూర్చోబెట్టవలసిన అవసరం రాదు. అయితే ‘ఇది శాకాహారమే’ అని మనం చెప్పే మాట నిజం కావాలంటే వంటకు ముందే రెండు విషయాలు చూసుకోవాలి.

మొదటిది చీజ్. పాలను గడ్డకట్టించి చీజ్ తయారు చేయడానికి రెన్నెట్ అనే పదార్థం కలుపుతారు. సంప్రదాయంగా దీనిని లేగదూడ కడుపులోని నాలుగవ అర నుంచి తీస్తారు. నేడు బూజు జాతి సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ కూడా విస్తారంగా వాడుకలో ఉంది. ధర్మవిధి ప్రకారం జబహ్ చేయని పశువు నుంచి తీసిన రెన్నెట్ విషయంలో మన ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) దానిని పరిశుద్ధమైనదిగానే పరిగణించారు. ఇమామ్ షాఫియీ (రహ్మతుల్లాహి అలైహి) అందుకు అంగీకరించలేదు. సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసిన చీజ్ తెచ్చుకుంటే మనకు ఈ సందిగ్ధమే ఉండదు, శాకాహారుల ఇంటి బిడ్డకూ అభ్యంతరం ఉండదు.

మన దేశంలో అమ్మే ప్యాకెట్ల మీద చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారం. గోధుమ రంగు త్రికోణం ఉంటే మాంసాహారం. గుడ్డు కలిసిన పదార్థాన్నీ ఈ రెండవ గుర్తు కిందే చేరుస్తారు. చీజ్, పాస్తా, మసాలా పొట్లం మూడింటి మీదా ఆకుపచ్చ గుర్తు ఉందేమో చూడండి. అయితే ఆ గుర్తు జంతు సంబంధమైన పదార్థాల సంగతి మాత్రమే చెబుతుంది. మద్యం కలిసిందా లేదా అన్నది దాని పరిధిలోనిది కాదు. కాబట్టి సీసాల్లో దొరికే సాస్‌లు కొనేటప్పుడు పదార్థాల పట్టిక కూడా చదవాలి. విదేశాల్లో ఉంటున్న మన కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడి కొన్ని పాస్తా సాస్‌లలో వైన్ కలుస్తుంది. ఇటలీలో తయారయ్యే పార్మిజానో రెజ్జానో చీజ్‌కు దూడ రెన్నెట్టే వాడతారు.

రెండవది ఎయిర్ ఫ్రయర్. మన ఇళ్లలో అందులో ఎక్కువగా కాల్చేది చికెన్, కబాబులే. వాటి కొవ్వు జల్లెడ రంధ్రాల్లోంచి కింది అరలోకి కారి అక్కడే పేరుకుంటుంది. పైపైన తుడిచి అదే బుట్టలో పాస్తా వేస్తే, ఆ కొవ్వు వాసనా అంశా ఇందులోకి వస్తాయి. బుట్టనూ అరనూ వేడినీళ్లు, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. మాంసం కలిపిన గరిటెను ఈ వంటకు వాడకండి. ఎవరూ చూడరన్న మాట నిజమే కావచ్చు. కానీ ఇతరుల బిడ్డకు మనం పెట్టే ప్రతి ముద్దా ఒక అమానత్. దానికి జవాబుదారీ అల్లాహ్ సమక్షంలో ఉంటుంది.

ఇక తయారీ. ఎనిమిది మంది పిల్లలకు చిరుతిండిగా ఈ కొలతలు సరిపోతాయి. గొట్టాల్లాంటి పెన్నె గానీ, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఫార్ఫల్లె గానీ 250 గ్రాములు, చీజ్ 80 గ్రాములు, నూనె 2 పెద్ద చెంచాలు, బియ్యప్పిండి 2 పెద్ద చెంచాలు, వెల్లుల్లి పొడి 1 చిన్న చెంచా, మిరియాల పొడి, కాశ్మీరీ కారం అర చిన్న చెంచా చొప్పున, ఒరెగానో 1 చిన్న చెంచా. ఒరెగానో లేకపోతే నలిపిన కసూరీ మేథీ వేయండి. వెల్లుల్లి తినని పిల్లలు వస్తుంటే దాని బదులు వేయించిన జీలకర్ర పొడి వాడండి.

చీజ్‌ను ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి తురిమితే ముద్దకాకుండా పొడిపొడిగా వస్తుంది. రెండున్నర లీటర్ల నీళ్లను మరిగించి, రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి, పాస్తాను ప్యాకెట్ మీద చెప్పినంత సేపూ ఉడికించండి. కొరికితే మధ్యలో పలుకు ఉండకూడదు. సగం ఉడికిన పాస్తా ఎయిర్ ఫ్రయర్‌లో గుల్లబారదు, రాయిలా గట్టిపడుతుంది. ఉడికాక నీరు వంపేసి, శుభ్రమైన నూలుబట్ట మీద పది నిమిషాలు పరచండి. ఎయిర్ ఫ్రయర్ పని వేడిగాలిని వేగంగా తిప్పడమే. పాస్తా తడిగా ఉంటే ఆ వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, ముక్కలు సాగుతూ మిగులుతాయి.

ఆరిన పాస్తాకు నూనె పట్టించి, బియ్యప్పిండి, పొడులు చల్లి కలపండి. చీజ్‌లో ఉప్పు ఉంటుంది కనుక మళ్లీ ఉప్పు వేయనక్కరలేదు. ఎయిర్ ఫ్రయర్‌ను 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు నిమిషాలు వేడిచేసి, పాస్తాను రెండు మూడు విడతలుగా, ఒకదాని మీద ఒకటి గుట్టగా పడకుండా వేయండి. ఒక్కో విడతకు పది పన్నెండు నిమిషాలు పడుతుంది. నాలుగు నిమిషాలకోసారి బుట్టను కుదపాలి.

చీజ్‌ను మొదటే కలిపితే మాడిపోతుంది. పైన చల్లితే తేలికైన తురుము గాలికి ఎగురుతుంది. కనుక ముక్కలు బంగారు రంగుకు తిరగగానే వాటిని వెడల్పు గిన్నెలోకి తీసి, వేడిగా ఉండగానే చీజ్ తురుము కలపండి. వేడికి అది ముక్కలకు అంటుకుంటుంది. అప్పుడు మళ్లీ బుట్టలో వేసి రెండు నిమిషాలు మాత్రమే ఉంచి తీయండి. ఐదు నిమిషాలు చల్లారాక కరకరలాడతాయి. గంట సేపు బట్టలో వేలాడదీసిన గట్టి పెరుగులో పుదీనా ముద్ద, ఉప్పు, నిమ్మరసం కలిపితే నంజుకోవడానికి బాగుంటుంది. ఎయిర్ ఫ్రయర్ లేనివారు ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద పదిహేను నుంచి ఇరవై నిమిషాలు కాల్చుకోవచ్చు. చీజ్‌ను అక్కడ కూడా చివరలోనే కలపాలి.

ఐదేళ్ల లోపు పిల్లలకు ఈ గట్టి ముక్కలు పెట్టకండి, గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. వారి కోసం ఉడికిన పాస్తాలో కొంత విడిగా ఉంచి, చిన్నగా తరిగి, కొద్దిగా చీజ్ కలిపి మెత్తగానే పెట్టండి. పాలు, గోధుమ పడని పిల్లలెవరైనా ఉన్నారేమో వారి తల్లులను ముందుగా ఫోన్‌లో అడగండి. మీరు ఏం పెట్టబోతున్నారో కూడా అప్పుడే చెప్పండి. ‘గుడ్డు లేదండీ, చీజ్‌కు ఆకుపచ్చ గుర్తు ఉంది, ఎయిర్ ఫ్రయర్ కడిగాను’ అంటే చాలు.

ఈ పనిలో మన పిల్లలనూ భాగస్వాములను చేయండి. ప్యాకెట్ మీద గుర్తు వెతకడం పదేళ్ల బిడ్డకు ఇష్టమైన పని. ‘మనం తినేదానికి ఈ గుర్తు ఎందుకు చూస్తున్నాం అమ్మీ?’ అని అడిగితే, వచ్చే స్నేహితురాలి గురించి చెప్పండి. హలాల్ అంటే కేవలం మనకు పనికిరానివాటి చిట్టా అనుకునే బిడ్డకు, ఎదుటివారి నియమం కూడా పట్టించుకోదగినదేనని ఆ సాయంత్రం అర్థమవుతుంది.

వడ్డించే వేళ మరొక పాఠానికి అవకాశం ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సంరక్షణలో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజియల్లాహు అన్హు) చిన్నతనంలో భోజనం చేస్తూ పళ్లెమంతా చేయి తిప్పేవారు. ఆ బాలుణ్ణి ప్రవక్త గద్దించలేదు. అల్లాహ్ పేరు తలచి, కుడి చేతితో, తన ముందున్న వైపు నుంచి తినమని నేర్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసును ఉమర్ స్వయంగా ఉల్లేఖించారు. తాను జీవితాంతం అలాగే తిన్నానని కూడా ఆయన చెప్పుకున్నారు. పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి, మన పిల్లలను బిస్మిల్లాహ్ చెప్పి తమ ముందున్నది తీసుకోమనండి. ఉపన్యాసం అవసరం లేదు. వచ్చిన పిల్లలు వారిని చూసి తామే క్రమంగా తింటారు.

వృథా జరగకుండా కూడా చూడాలి. మొత్తం ఒకేసారి కాల్చి గుట్ట పోయకండి. ఒక విడత అయిపోతుండగా మరొక విడత వేయండి. చివరి విడత మిగిలితే గాలి చొరని డబ్బాలో మరునాటి వరకు ఫ్రిజ్‌లో ఉంచి, తినే ముందు రెండు మూడు నిమిషాలు మళ్లీ వేడిచేసుకోవచ్చు. అంతకంటే మంచిది, ఆ సాయంత్రమే పొట్లం కట్టి అపార్ట్‌మెంట్ కాపలాదారు పిల్లలకు మన బిడ్డ చేతనే పంపడం.

చీకటి పడేవేళ పిల్లల్ని తీసుకువెళ్లడానికి తల్లులు గుమ్మం దగ్గరికి వస్తారు. ‘ఏం తిన్నావు?’ అని వారు అడగడం, ‘అందరితో కలిసి తిన్నాను’ అని పిల్ల చెప్పడం మనం వింటాం. తరువాతి సెలవుల్లో ఆ తల్లి ఫోన్ చేసి వివరాలు అడగకుండానే బిడ్డను మన ఇంటికి పంపుతుంది. పొరుగువారి హక్కు నెరవేర్చడమంటే ఇలాంటి నిశ్చింతను వారికి ఇవ్వడం కూడా. అల్లాహ్ మన ఇళ్లను అటువంటి నమ్మకానికి నెలవులుగా చేయుగాక. ఆమీన్.