ఆటోనగరునకు కచేరి తగదా?

2023 డిసెంబరులో బెజవాడయందు మూడు దినములు కృష్ణవేణి సంగీత నీరాజనము జరిగెను. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రము పాటతో నిండెను. సంతోషమే. కాని బందరు రోడ్డు వెంట తూర్పుగా పోయినచో ఆటోనగరు కలదు. లారీలకు బాడీలు కట్టువారు, లేతు పట్టువారు, వెల్డింగు చేయువారు వేలకొలది యచట నున్నారు. వారికి కచేరి యెన్నడు? అడిగినచో మన రసికులు నవ్వి, "వారికేమి తెలియును?" అందురు.

ఏమి మాట యిది! ఇంజను మ్రోత విని, దానిని విప్పకమునుపే దోషమెచటనో చెప్పగల చెవికి శ్రుతి తప్పిన తెలియదా? త్యాగయ్య విశేషముగా పాడినది తెనుగుననే కదా. మొవ్వ గోపాలుని కీర్తించిన క్షేత్రయ్య యీ సీమవాడే. త్యాగరాజ శిష్యపరంపరలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు బాలమురళీకృష్ణకు విద్య గఱపినది యీ బెజవాడలోనే. నాడు శూద్రుని చెవికి వేదము తగదన్న బుద్ధియే నేడు కచేరి వాకిట శాలువ కప్పుకొని నిలిచినది.

1948 డిసెంబరు 1వ తేదీని ప్రారంభమైన బెజవాడ రేడియోకు ఈ భేదము లేదు. దాని భక్తిరంజని మేడలోను, కాఫీ హోటలులోను ఒక్కతీరుననే వినబడెను. యంత్రమునకున్న సమబుద్ధి సభానిర్వాహకులకు లేకపోవలెనా?

రాబోవు ఉగాదికి ఒక్క కచేరి ఆటోనగరున పెట్టుడు. ఉపన్యాసములు వలదు, సన్మానములు అసలే వలదు. ముందు వరుస కుర్చీలు చేతికి గ్రీజు మరకలున్నవారికి విడువుడు. సుత్తుల మ్రోత అడ్డమందురా? అవి దింపిన తరువాతనే తంబురా మీటుడు.