చెవిలో చెప్పిన మాట

ఈ నెల మా తప్పును గురించే వ్రాయవలసి వచ్చింది.

రెండేళ్ళ క్రితం మా సంఘంలోని ఒక సహోదరి ఆరాధన ముగిశాక మా దగ్గరకు వచ్చి, తనకు చేసిన వైద్య పరీక్షల సంగతి చెప్పుకొని కన్నీళ్ళు పెట్టుకుంది. ప్రార్థన చేయమని కోరింది. మేము ఆ రాత్రే ఆమె పేరు, జబ్బు పేరు వ్రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాము. ఉద్దేశం మంచిదే. కాని ఆ గ్రూపులో నూట ఎనభైమంది ఉన్నారు. మర్నాటికి ఆ మాట పక్క ఊరికి చేరింది. ఆమె కుమార్తెకు కుదరబోతున్న సంబంధం వారి చెవినా పడింది. వారు మళ్ళీ రాలేదు. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇది ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము. ముందుగా ఆమెకు చూపించాము. ఆమె రెండు వాక్యాలు కొట్టివేసింది. అవి ఇందులో లేవు.

ఫోనులో పెట్టిన మాట ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలని అప్పుడు పూనుకున్నాము. కంప్యూటరు చదివిన మా సంఘ యువకుడొకడు ఓపికగా నేర్పాడు. "అయ్యగారూ, కొట్లో కొన్న పచ్చడి సీసాలో ఏం కలిపారో మనకు తెలియదు. వాకిట్లో నలుగురూ చూస్తుండగా కలిపిన ఆవకాయ సంగతి అందరికీ తెలుసు. ఓపెన్ సోర్స్ అంటే అదేనండి" అన్నాడు. ఒక యాప్ ఎలా పనిచేయాలో వ్రాసిన మూలప్రతిని అందరికీ తెరచి ఉంచుతారు. తెలిసినవారు ఎవరైనా చదివి, లోపముంటే చెప్పవచ్చు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ప్రయత్నమూ, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్సూ ఇటువంటివే. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది ఆ లినక్సే.

వాట్సాప్‌లో మాటలకు తాళం లేదా అని మేము అడిగాము. ఉంది. 2016 నుండి అందులోని వ్యక్తిగత సందేశాలకు, గ్రూపు సందేశాలకు తాళం పడుతున్నది. ఆ తాళం సిగ్నల్ వారు తయారుచేసినదే. అయితే ఎవరు ఎవరితో, ఎప్పుడు మాట్లాడారన్న వివరాలకు ఆ తాళం వర్తించదు. సిగ్నల్ యాప్ అటువంటి వివరాలను వీలైనంత తక్కువగా ఉంచుకుంటుంది. దానిని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. వాట్సాప్ స్థాపకులలో ఒకరైన బ్రయాన్ యాక్టన్ 2018లో అయిదు కోట్ల డాలర్లు ఇచ్చి దానికి అండగా నిలిచారు. అందులో సందేశం కొంత గడువు తరువాత దానంతట అదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. 2024 నుండి మన ఫోను నంబరు ఇతరులకు కనబడకుండా ఉండే ఏర్పాటు కూడా వచ్చింది. సహోదరీలకు ఇది ఎంతో మేలు. టెలిగ్రామ్ గ్రూపులకు మాత్రం ఇటువంటి తాళం లేదని గుర్తుంచుకోండి.

సంఘ సభ్యుల పట్టికను కూడా మార్చాము. పేర్లు, పుట్టిన తేదీలు, నంబర్లు ఇంతకుముందు ఇంటర్నెట్‌లో ఎవరు లింకు నొక్కినా తెరుచుకునే పట్టికలో ఉండేవి. ఇప్పుడు అవి లిబ్రే ఆఫీస్‌లో, సంఘ కంప్యూటరులోనే, పాస్‌వర్డు క్రింద ఉన్నాయి. దానికి రూపాయి ఖర్చు లేదు. తెలుగులోనూ దొరుకుతుంది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు ఇటువంటి సాఫ్ట్‌వేరును తెలుగువారి దగ్గరకు తేవడానికి చాలాకాలంగా పాటుపడుతున్నారు.

అందరూ మారారా అంటే, లేదు. "మా అమ్మాయి కువైట్ నుండి వాట్సాప్‌లోనే మాట్లాడుతుందండీ, రెండోది నా వల్ల కాదు" అన్నారు ఒక పెద్దమ్మగారు. ఆమెను బలవంతపెట్టలేదు. కూడికల వేళలు, పెళ్ళి కబుర్లు పాత గ్రూపులోనే వస్తున్నాయి. జబ్బులు, అప్పులు, ఇంటి తగవులు మాత్రం అందులో పెట్టము. వాటికోసం ప్రార్థించే ఆరుగురు మాత్రమే సిగ్నల్‌లో ఉన్నారు. వారికైనా పేరు చెప్పమని అడిగినవారి పేరే చెబుతాము.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. ఆ హక్కును మొదట కాపాడవలసింది మన ఇంట్లోనే. ఎంత మంచి తాళమైనా చదివినవాడి నోటికి తాళం వేయలేదు. నాడు ఆ మాటను ఏ కంపెనీ దొంగిలించలేదు, మా వేళ్ళే పంపాయి. కనుక ఫోనులో ఏదైనా పెట్టేముందు "ఎవరెవరికి చెప్పమంటావమ్మా?" అని ఒక్క మాట అడగండి.

మొన్న ఆ సహోదరి మళ్ళీ వచ్చి, బల్ల మీద కూర్చొని, మరొక సంగతి చెప్పింది. అదేమిటో ఇక్కడ వ్రాయము.