కప్పులో ఆకు: ఒక పూర్వపక్షం, ఒక సమాధానం

మొన్న ఆదివారం ఒక పాత మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. పేరు అప్రస్తుతం. ముప్ఫై ఏళ్ళ స్నేహం గనుక మా మధ్య మొహమాటాలు లేవు. నేను వంటింట్లో పాలకు ఆవిరి పట్టి, ఎస్ప్రెస్సో మీద పోసి, పైన ఒక ఆకు బొమ్మ దించి, ఆ కప్పు తెచ్చి చేతికిచ్చాను. అతను ఒకసారి కప్పులోకి, ఒకసారి నా ముఖంలోకి చూసి, "ఒరేయ్, దీన్ని తాగాలా, ఫ్రేము కట్టించాలా?" అన్నాడు. నవ్వేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ టపా రాయవలసిన అవసరం ఉండేది కాదు.

అతను ఆగలేదు. ఈ బొమ్మలన్నీ పైపై మెరుగులన్నాడు. ఫిల్టరు కాఫీ పుట్టిన నేల మీద ఉండి పరాయివాళ్ళ వేషం వేస్తున్నానన్నాడు. నేర్చుకునే పేరుతో ఎన్ని లీటర్ల పాలు కాలవలో కలిపానో లెక్క చెప్పమన్నాడు. చివరికి వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర, గొంతు తగ్గించి, "అయినా ఈ వయసులో, మగవాడివి, పాలగిన్నె పట్టుకుని గంటలు గంటలు నిలబడటమేమిటిరా!" అన్నాడు. మొదటి మూడింటికీ అక్కడే ఏదో జవాబు చెప్పాను. నాలుగోదానికి చెప్పలేకపోయాను. మన శాస్త్రకారులు ప్రతివాది మాటను ముందుగా, నిజాయితీగా, బలంగా చెప్పి ఆ తరువాతే ఖండించేవారు. ఆ పద్ధతిలోనే నాలుగింటికీ ఇక్కడ సమాధానం చెప్పదలచుకున్నాను.

మొదటి అభియోగం: బొమ్మ అలంకారం మాత్రమే, రుచికి దానితో సంబంధం లేదు.

ఇలా అనేవారు ఒక్కసారైనా ఆ బొమ్మ దించడానికి ప్రయత్నించి ఉండరని నా అనుమానం. బొమ్మను ఎవరూ పైన గీయరు. పాలు సరిగ్గా కుదిరినప్పుడు అది దానంతటదే తేలుతుంది, కుదరనప్పుడు ఎంత తంటాలు పడినా రాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలను మూతి కొసగా ఉన్న చిన్న స్టీలు జగ్గులో సగం కంటే తక్కువగా పోస్తాము. ఆవిరి గొట్టంలో నిలిచిన నీటిని ముందు బయటికి ఊదేస్తాము. గొట్టం కొసను పాల ఉపరితలానికి వెంట్రుకవాసి కిందుగా, మధ్యలో కాక కొంచెం పక్కగా ఉంచి ఆవిరి వదులుతాము. అప్పుడు కాగితాన్ని మెల్లగా చింపుతున్నట్టు ఒక సన్నని చప్పుడు రావాలి. ఆ కొద్ది క్షణాలే పాలలోకి గాలి వెళ్ళే సమయం. జగ్గు చేతికి చల్లగానూ వేడిగానూ తోచని స్థితికి, అంటే సుమారు 37 డిగ్రీలకు వచ్చేసరికి గాలి పట్టడం ముగియాలి. ఆ తరువాత కొసను కొద్దిగా లోపలికి దించితే పాలు సుడి తిరుగుతాయి. అంతవరకు పట్టిన గాలిని ఆ సుడే నలగ్గొట్టి కంటికి కనిపించనంత సన్నని బుడగలుగా మారుస్తుంది. 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఆపేయాలి.

కొస మరీ పైన ఉంటే పాల మీద సబ్బు నురగలాంటి పెద్ద బుడగలు నిలుస్తాయి. మరీ లోపల ఉంటే గాలి అసలు వెళ్ళదు. పాలు కీచుమని అరిచి వేడెక్కుతాయే తప్ప చిక్కబడవు. రెండు సందర్భాల్లోనూ బొమ్మ రాదు, పానీయమూ బాగుండదు. ఒకదానిలో ముందు నురగ, ఆ తరువాత పలుచని పాలు నోటికి తగులుతాయి. రెండోది ఉత్త వేడి పాలు కలిపిన కాఫీ. నురగా పాలూ ఒకే పదార్థమై, అప్పుడే వేసిన రంగులా నిగనిగలాడుతూ జగ్గులో కదిలినప్పుడే గొంతులో ఆ మెత్తదనం ఉంటుంది. అప్పుడే తెలుపు గోధుమరంగు మీద గీత చెదరకుండా నిలుస్తుంది. కనుక ఆ బొమ్మను నేను నగ అనుకోను, సాక్ష్యం అనుకుంటాను.

పోయడంలోనూ మాయ ఏమీ లేదు. జగ్గును నాలుగు వేళ్ళ ఎత్తున పట్టుకుని పోస్తే ధార వేగంగా దిగి కాఫీ మీది క్రీమా కిందికి మునిగిపోతుంది. మూతిని కాఫీకి ఆనేంత దగ్గరగా తెస్తే ఆ వేగం తగ్గి నురగ పైన తేలుతుంది. అలా తేలిన తెల్లని చుక్కను మధ్యగా ఒక ధారతో చీలిస్తే హృదయాకారం. చేతిని ఇటూ అటూ సన్నగా ఊపుతూ వెనక్కి జరిగి, చివర జగ్గు ఎత్తి మధ్యగా గీత లాగితే ఆకు. ఇంత చెప్పిన నాకు హృదయం నిలవడానికి రెండు నెలలు, ఆకు నిలవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

"ఒక్క గుక్కతో చెరిగిపోయేదానికి ఇంత శ్రమా?" అంటారేమో. సంక్రాంతికి వాకిట్లో వేసిన ముగ్గు మధ్యాహ్నానికల్లా కాళ్ళ కింద చెదిరిపోతుంది. అది చూసి ముగ్గు దండగ అన్న తెలుగువాడిని నేను ఇంతవరకు చూడలేదు.

రెండో అభియోగం: ఇది పరాయి అనుకరణ.

ముందు ఈ విద్య చరిత్ర చూద్దాము. ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే యంత్రానికి మిలాన్ నగరంలో లూయిజీ బెజ్జెరా 1901లో పేటెంటు పొందాడు. అకిల్లే గాజియా 1938 నాటి పేటెంటుతో మొదలై, రెండవ ప్రపంచయుద్ధం తరువాత బజారులోకి వచ్చిన మీట యంత్రాలతో కాఫీ మీద గోధుమరంగు క్రీమా ఏర్పడింది. అది లేకపోతే తెలుపు నిలవడానికి చోటే లేదు. ఆ పైన బొమ్మలు దించే పద్ధతిని 1980ల చివరా 1990ల మొదట్లోనూ అమెరికాలోని సియాటిల్‌లో డేవిడ్ షోమర్, ఇటలీలో లూయిజీ లూపీ వంటివారు తీర్చిదిద్ది ప్రచారంలోకి తెచ్చారు. ప్రపంచస్థాయి పోటీలు మొదలైంది 2005లో. అంటే నేనూ నా మిత్రుడూ చదువుకుంటున్న రోజుల్లో రూపు దిద్దుకున్న విద్య ఇది. దీనికి అంత పాత కులగోత్రాలేమీ లేవు.

ఇక మనవి, పరాయివి అన్న లెక్క. పోర్చుగీసువారు రాకముందు మన నేల మీద మిరపకాయ లేదు. ఈనాడు గుంటూరు మిరప పరాయిది అన్నవాడికి గుంటూరులో భోజనం దొరకడం కష్టం. నేను వాడే గింజలు అరకువి. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు ముందే, 2017లో, అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. మన గింజ పారిస్ వెళ్ళిందని గర్వపడేవాళ్ళం పరాయి జగ్గు మన వంటింట్లోకి వస్తే ఎందుకు ఉడుక్కోవాలి?

ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటాను. ఈ పానీయం ఫిల్టరు కాఫీకి ప్రత్యామ్నాయం కాదు. పాలు 70 డిగ్రీలు దాటితే వాటిలోని మాంసకృత్తుల అమరిక చెదిరి, మరిగిన పాల వాసన వస్తుంది. ఎస్ప్రెస్సో పద్ధతిలో అది దోషం. చిక్కటి డికాషన్‌లో కలిసే మన కాఫీకి ఆ మరిగిన పాల వాసనే ప్రాణం. పొగలు కక్కే పాలు పోసి, గ్లాసులోంచి డవరాలోకి, డవరాలోంచి గ్లాసులోకి బారెత్తు నుంచి తిరగబోస్తే లేచే ఆ నురగ కూడా పాలలోకి గాలిని పట్టే విద్యే. ఒకచోట ఆ పని ఆవిరి చేస్తుంది, ఇంకొకచోట చేతి ఎత్తు చేస్తుంది. రెండూ తెలిసినవాడు రెండింటిలో దేనినీ చిన్నచూపు చూడడని నా నమ్మకం.

మూడో అభియోగం: పాల వృథా.

ఇక్కడ నేను దోషినే. మొదటి మూడు వారాలు రోజుకు అర లీటరు చొప్పున చెడగొట్టాను. పాలు పారబోయడం పాపమని చిన్నప్పటి నుంచి విన్న చెవులు నావి. సింకులో తెల్లటి ధార పోతుంటే అటు చూడకుండా మొహం తిప్పుకునేవాడిని. ఆ సమయంలో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారి కోసం ఆ మాట ఇక్కడ రాస్తున్నాను. జగ్గులో చల్లటి నీళ్ళు పోసి, అందులో అంట్లు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క వేయండి. ఆవిరి పడితే అది పాలలాగే గాలి పట్టి, సుడి తిరిగి, నిగనిగలాడుతుంది. రుచి సంగతి తప్ప చేతి కదలికలన్నీ దీనితోనే నేర్చుకోవచ్చు. కాఫీ గింజలు కూడా ఖర్చు కాకుండా, వేడి నీళ్ళలో కలిపిన కోకో పొడి మీద పోసుకోవచ్చు. సాధన తరువాత జగ్గునూ కప్పునూ గొట్టాన్నీ బాగా కడగడం మాత్రం మరచిపోకండి.

అసలు పాలతో చేసి చెడగొట్టినా, కాఫీ కలవనంతవరకు అవి చెడినట్టు కాదు. మళ్ళీ ఆవిరి పడితే సరిగ్గా పొంగవు కాని, గోరువెచ్చగా చల్లారాక తోడు పెట్టవచ్చు. పెరుగు కొంచెం పలుచగా తోడుకుంటుంది. కారణం ఉంది. ఆవిరి పాలలో నీరుగా మారి కలుస్తుంది. చల్లటి పాలను 60 డిగ్రీలు దాటించేసరికి వాటి బరువులో సుమారు పదోవంతు నీరు చేరినట్టే. నీళ్ళు కలిపాడని పాలవాడితో తరతరాలుగా తగవులాడిన ఇంట్లో పుట్టి, ఆ పని నేనే చేస్తున్నానని తెలిసిన రోజు నాకు నవ్వు వచ్చింది. ఆ పెరుగును మజ్జిగ చేస్తున్నాము. మజ్జిగకు ఎటూ నీళ్ళు కలపాలి కదా!

ఇంతవరకు మిత్రుడి మీద వాదించాను. మా పక్షం వారితోనూ నాకు పేచీ ఉంది. బొమ్మ బాగుంటే కాఫీ బాగున్నట్టే అని ప్రచారం చేసేవారున్నారు. అది అబద్ధం. బొమ్మ పాల గురించే సాక్ష్యం చెబుతుంది. మాడిపోయిన గింజల మీద కూడా చక్కని ఆకు దించవచ్చు. యంత్రం ఖరీదును బట్టి విద్యను కొలిచేవారున్నారు. నాలుగు కోణాల నుంచి ఫొటోలు తీసి, నురగ విడిపోయి చల్లారాక తాగేవారున్నారు. వారిని చూసే నా మిత్రుడు దీన్ని ఆడంబరమని అనుకుని ఉంటే, ఆ తప్పు పూర్తిగా అతనిది కాదు.

ఇక మిగిలింది గుమ్మం దగ్గర అన్న మాట.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం నేను థర్మామీటరు వంక చూస్తూ పాలకు ఆవిరి పడుతున్నాను. పక్క గదిలోంచి మా అమ్మ, "ఇక చాలు, ఆపు నాయనా" అంది. ముల్లు చూశాను, 63 డిగ్రీలు. మరునాడు కూడా అలాగే అంది. ఆమె యంత్రం వైపు కన్నెత్తి చూడలేదు. ఎలా తెలిసిందమ్మా అని అడిగితే, "చప్పుడు బొంగురుపోయింది కదా" అంది, అందులో అడగవలసినదేముందన్నట్టు. నిజమే. పాలు వేడెక్కేకొద్దీ ఆ చప్పుడు మారుతుంది. ఎనిమిది నెలలుగా పక్కనే నిలబడి ఉన్న నేను దాన్ని వినలేదు. యాభై ఏళ్ళు పొయ్యి దగ్గర పాల పొంగు కోసం చెవి ఒగ్గి నిలబడిన మనిషికి అది రెండు రోజుల్లో పట్టుబడింది. ఆ తరువాత థర్మామీటరు తీసి పక్కన పెట్టేశాను.

ఆ యాభై ఏళ్ళలో ఆమె చేతి కాఫీని మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ తాగారు. ఈ మిత్రుడూ తాగాడు, లెక్కలేనన్నిసార్లు. బాగుందన్నారు, ఇంకో గ్లాసు అడిగారు. డికాషన్ ఎంతసేపు దిగనివ్వాలి, పాలు ఏ పొంగు దగ్గర దించాలి, ఎంత ఎత్తు నుంచి తిరగబోయాలి అని ఎవరూ అడగలేదు. కొడుకునైన నేనూ అడగలేదు. అది విద్య అని మాకు తోచలేదు. అమ్మలు చేసే పని అనుకున్నాము.

కాబట్టి మిత్రమా, నీ నాలుగో మాటే మొదటి మూడింటికీ మూలమని నాకు ఇప్పుడు అనిపిస్తున్నది. పాలగిన్నె దగ్గర నిలబడటం తక్కువ పని అని నువ్వు ముందే తీర్మానించుకున్నావు. మెరుగనీ వేషమనీ వృథా అనీ కారణాలు ఆ తరువాత వెతుక్కున్నావు. ఆ తీర్మానం నాకు వర్తించేటట్టయితే యాభై ఏళ్ళు అక్కడే నిలబడిన ఆమెకూ వర్తిస్తుంది. ఆ మాట ఆమె ఎదురుగా అనగలవా? అనలేవని నాకు తెలుసు, నువ్వు అంత కఠినుడివి కావు. అందుకే గుమ్మం దగ్గర గొంతు తగ్గించావు.

వచ్చే ఆదివారం మళ్ళీ రా. ఆకు బొమ్మ నీకు అక్కరలేదంటే దించను. అమ్మ దగ్గర డికాషన్ తీయడం నేర్చుకుంటున్నాను. మొదటి నీళ్ళు ఎంత వేడిగా పోయాలన్న దగ్గరే ఇంకా తడబడుతున్నాను. నువ్వు కూడా ఆమె పక్కన ఒక పది నిమిషాలు నిలబడు. గ్లాసూ డవరా సిద్ధంగా ఉంచుతాను.