సీరియల్ నటన అంటే వెక్కిరింపేనా?

ఆఫీసులో ఎవడైనా కాస్త అతి చేస్తే "సీరియల్ యాక్షన్ ఆపరా బాబూ" అనేస్తాం. అంటే తప్పంతా నటులదేనని మనమే తీర్పు చెప్పేశామన్నమాట! టెస్టింగుకి టైమివ్వకుండా రిలీజ్ చేయించి, బగ్గులన్నీ డెవలపర్ నెత్తిన రుద్దినట్టుంది ఇది.

అత్తగారు చూసేది ఒక్కసారే. ఆ చూపుని ఉరుముల మోతతో మూడుసార్లు తిప్పి చూపించేది ఎడిటింగు. కన్నడం నుంచో మలయాళం నుంచో వచ్చిన నటి అయితే మొహం ఒకరిది, గొంతు డబ్బింగు ఆర్టిస్టుది. నటనలో సగం గొంతే కదండీ!

బుల్లితెరకి ఇంతకన్నా చేతకాదంటారా? జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం' గుర్తు తెచ్చుకోండి. అమృతంగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ మారుతూ వచ్చినా, గుండు హనుమంతరావు ఆంజనేయులుగా అలాగే నిలబడ్డాడు. అరుపుల్లేవు, ఉరుముల్లేవు. బిక్కమొహం వేస్తే చాలు, నవ్వొచ్చేది. కామెడీ కాబట్టి అంటారేమో. కాదు, అది వారానికి ఒక్క ఎపిసోడు! డైలీ సీరియల్‌కి వారానికి అయిదారు కావాలి. ఇక రిహార్సల్ ఎప్పుడు చేస్తారు?

తిడితే ఆ డెడ్‌లైన్ పెట్టినవాణ్ణి తిట్టండి. ఆ బాధ మనకి తెలియనిదా?