పెదింటమ జాతర, నా లీనక్సు పాండిత్యం

"ఫోటోషాప్ లీనక్సు మీద బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అంటూ ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపిస్తే నాకీమధ్య ఒళ్ళు మండుతోంది. ఒకప్పుడు అలాంటివి అందరికీ చూపించుకుని తిరిగినవాణ్ణి నేనే కాబట్టి ఆ మంటలో సగం నామీద నాకే లెండి. మిగతా సగం మాత్రం మీకు, అంటే నాలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లందరికీ. కాస్త ఓపిక పట్టి వినండి, తర్వాత తిడుదురుగాని.

మాది తాడేపల్లిగూడెం. మా బాబాయ్‌కి ఏలూరులో చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, చేపల చెరువుల వాళ్ళకి బిల్లు బుక్కులు, ఎలక్షన్లొస్తే ఫ్లెక్సీల డిజైన్లు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోతుందనీ, షాపులో ఉన్న పాత మిషన్లు విండోస్ 11కి పనికిరావనీ ఎవరో చెప్పారట. "మూడు కంప్యూటర్లు కొత్తవి కొనాలంటే ఎక్కణ్ణుంచి తేనురా" అన్నాడు ఫోన్లో. నేను రెచ్చిపోయాను. "కొనడమెందుకు బాబాయ్, లీనక్సు వేసేస్తా. నీ పాత సాఫ్ట్‌వేరంతా వైన్‌లో నడుస్తుంది" అన్నాను.

సంక్రాంతి సెలవుల్లో పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పాసింజరెక్కాను. పుల్ల, భీమడోలు, దెందులూరు దాటేసరికి నాలో ఒక సంఘ సంస్కర్త తయారైపోయాడు. సాయంత్రానికి మూడు మిషన్లూ తుడిచేసి లీనక్సు ఎక్కించాను. ఫోటో ఎడిటరు తెరుచుకుంది, పేజీలు పెట్టుకునే పాత లేఅవుట్ ప్రోగ్రామూ తెరుచుకుంది. ఇంగ్లీషులో నా పేరు కొట్టి, రంగు మార్చి, సేవ్ చేసి చూపించాను. షాపులో పన్నెండేళ్ళుగా టైపింగ్ చేస్తున్న అక్క ఒకావిడ "ఒక్క మిషన్ పాతదే ఉంచండి బాబూ, తెలుగు మేటర్ కొట్టి చూశాక తీసేద్దాం" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కొల్లేటి మధ్యలో లంక మీద ఉన్న గుడి. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు కైకలూరు వైపంతా కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి వచ్చింది కదా, ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు అన్నదానం కరపత్రాలు రెండు వేలు ఆర్డరిచ్చారు. మేటర్ వాట్సాప్‌లో పంపారు, చక్కగా తెలుగులో, ఒక్క తప్పు లేకుండా. అక్క దాన్ని చూసి మళ్ళీ మొత్తం టైపు చేసింది. ఎందుకంటే షాపులో వాడే పాత ప్రోగ్రాము ఫోన్లోంచి వచ్చిన తెలుగుని తీసుకోదు. కీబోర్డు ప్రోగ్రాము వైన్‌లో మొరాయిస్తుంటే పాత కరపత్రాల్లోంచి ముక్కలు కాపీ చేసుకుంటూ ఎలాగో పూర్తిచేసింది పాపం. స్క్రీన్ మీద బాగానే కనబడింది. పీడీఎఫ్ చేసి ప్రింటుకి పంపేశారు.

పొద్దున్న వచ్చిన కరపత్రం మీద ఇంత లావు అక్షరాల్లో ఉంది: "కొలేటికోట పెదింటమ జాతర".

వత్తులన్నీ ఎగిరిపోయాయి. ఆ రెండు మాటల్లో వత్తు లేని తెలుగు ఎలా ఉంటుందో చూశారుగా! కుర్రాళ్ళు గొడవేం చెయ్యలేదు. "అమ్మవారి పేరు ఇలా వేసి ఊళ్ళో ఎలా పంచమంటారండీ?" అని మాత్రం అడిగారు. బాబాయ్ పక్క షాపులో విండోస్ మిషను బతిమాలి తీసుకుని, రాత్రంతా కూర్చుని, కాగితం ఖర్చు తనే పెట్టుకుని మళ్ళీ వేయించాడు. నన్ను ఒక్క మాటనలేదు. "నీదేం తప్పులేదులేరా, నీకు తెలుగు టైపింగుతో ఎప్పుడు పనిపడింది గనక" అన్నాడు. అంతకంటే రెండు తగిలించినా బావుండేది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇందులో ఆ సాఫ్ట్‌వేర్లు తయారుచేసినవాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళు విండోస్ కోసం చేశామని చెప్పే అమ్మారు. వైన్ తప్పూ లేదు. తప్పు నాది. తెరుచుకోవడమే పనిచెయ్యడం అనుకున్నాను. మన ఇంజనీర్లలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

ఒక ప్లాట్‌ఫాం కోసం పుట్టిన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఇంకోదానిమీద నడవకూడదని నేననటం లేదు. ఫోటోషాప్ 1990లో వచ్చినప్పుడు మాకింటోష్ మీదే నడిచేది. విండోస్‌కి 1992లో గానీ రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు సన్, సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ళ యూనిక్స్ మిషన్లకి కూడా అమ్మారు. పేజ్‌మేకరూ 1985లో మాక్ మీదే పుట్టింది. అటు గింప్ సంగతి చూస్తే, బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు 1995 ప్రాంతంలో యూనిక్స్ కోసం రాసుకున్నది, తర్వాత ఎవరో ఓపిక పట్టి విండోస్‌కి తెచ్చారు. ఊళ్ళు మారడం సాఫ్ట్‌వేర్‌కి కొత్తేం కాదు. కానీ మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని ఆ పని చేశారు. దానంతటది ఏదీ మారలేదు.

వైన్ కథే చూడండి. 1993లో మొదలుపెట్టి 2008 జూన్‌లో గానీ 1.0 అనలేదు వాళ్ళు. పదిహేనేళ్ళు! దాని మీద ఫోటోషాప్ బాగా నడవడం మొదలైంది ఊరికే కాదు. 2003లో డిస్నీ లాంటి యానిమేషన్ స్టూడియోలు తమ ఆర్టిస్టులు లీనక్సు మీద పనిచేసుకోవాలని కోడ్‌వీవర్స్ కంపెనీకి డబ్బిచ్చి మరీ చేయించుకున్నాయి. తర్వాత ఫోటోషాప్ సీఎస్2 కోసం గూగుల్ డబ్బు పెట్టింది. అంటే హాలీవుడ్‌కి ఏ బటన్ కావాలో ఆ బటన్‌ని ఒకడు నొక్కి చూసి, విరిగితే బాగుచేశాడు. మరి పెద్దింట్లమ్మలో మూడు వత్తుల్ని నొక్కి చూసినవాడెవడు? ఎవడూ లేడు. డిస్నీకి కంపెనీ ఉంది, మా బాబాయ్‌కి సెలవు మీదొచ్చిన నేనున్నాను. నేను ఇంగ్లీషులో నా పేరు కొట్టి చూసుకున్నాను!

ఇంతకీ వత్తులెందుకు పోయాయి? డీటీపీ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో ఉన్నది కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ, యూరప్ భాషల గుర్తులకీ కేటాయించిన గళ్ళలో మన తలకట్లూ, గుడులూ, వత్తులూ బొమ్మలుగా కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ అది తెలుగు. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు. దారిలో ఏ ప్రోగ్రామైనా ఆ గళ్ళ నంబర్లలో ఒక్కటి అటూఇటూ చేసిందంటే వత్తు గల్లంతు.

ఇది విని "ఛీ, ఎంత చెత్త పద్ధతి" అనకండి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది, నిజమే. కానీ విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు కనబడింది 2001లో ఎక్స్‌పీ వచ్చాక. అదే 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7కి యూనికోడ్ రాదు, దాని తర్వాత ఇంకో పేజ్‌మేకర్ లేదు. ఆ రోజుల్లో ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెడితే అక్షరాలు విడివిడిగా పడేవి. మరి పెళ్ళి ముహూర్తాలు ఆగుతాయా? ఆ ఫాంట్లు చేసినవాళ్ళ పుణ్యమా అని తెలుగు అచ్చు కంప్యూటర్లోకొచ్చింది. వాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే. గొడవల్లా, ఆ అవసరం తీరిపోయాక కూడా మనం అక్కడే ఉండిపోవడం.

కాబట్టి నా వాదన ఇది. డీటీపీ షాపుల్ని విండోస్‌కి కట్టేసింది ఫోటోషాపూ కాదు, పేజ్‌మేకరూ కాదు. ఆ ఫైళ్ళలో ఉన్న అక్షరాలు. అక్షరాలు బాగుచెయ్యకుండా వైన్‌లో ప్రోగ్రాము నడిపించడమంటే, అదే జబ్బుని ఇంకో ఆస్పత్రిలో చేర్పించడం. వాట్సాప్ మేటర్ సంగతి మళ్ళీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కొల్లేటి లంకలో కుర్రాడు ఫోన్లో సరిగ్గా కొట్టిన తెలుగుని, ఏలూరులో మన ఏర్పాటే పాడుచేసింది. ఆ మేటర్ యూనికోడ్‌లోనే ఉండిపోయి ఉంటే గింప్‌లోనైనా, ఇంక్‌స్కేప్‌లోనైనా, బ్రౌజర్లో నడిచే ఏ డిజైన్ టూల్‌లోనైనా నాలుగు వత్తులూ క్షేమంగా ఉండేవి. లీనక్సులో తెలుగుని కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీయే ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది మరి.

"అయితే గింప్ నేర్చుకోమని చెప్పొచ్చుగా" అనేవాళ్ళకి కూడా ఒక మాట. ఆఫీసువాళ్ళు కొనిచ్చిన లైసెన్సుల మీద కూర్చుని, షాపువాడి క్రాక్ సీడీ గురించి నీతులు చెప్పడం తేలిక. అడోబీ 2013లో కొత్త వెర్షన్లన్నీ నెలనెలా అద్దెకే అన్నాక, నూరు కార్డుల ఆర్డరు మీద బతికేవాడు ఏం చేస్తాడు? గింప్ మంచిదే, నేనూ వాడతాను. కానీ ఆఫ్‌సెట్ ప్రెస్సుకి కావాల్సిన సీఎంవైకే మోడ్ 2025లో వచ్చిన గింప్ 3.0లో కూడా పూర్తిగా లేదు. దానికి క్రిటానో స్క్రైబసో పట్టుకోవాలి. ఫ్లెక్సీ మిషన్లతో ఇచ్చే ప్రోగ్రాములూ డ్రైవర్లూ ఎక్కువగా విండోస్‌వే. విండోస్ డ్రైవర్లని వైన్ నడపలేదు. ఇవన్నీ దాచిపెట్టి "అంతా ఫ్రీ, అంతా సూపర్" అంటే మనమీద నమ్మకం పోతుంది. మా బాబాయ్ షాపులో నాకు పోయింది.

మరేం చెయ్యాలంటారా? రాత్రంతా ఆలోచించి, అక్క చేత చీవాట్లు తిని, నేను నేర్చుకున్నది ఇది:

1. పాత మిషను తుడిచెయ్యకండి. నెట్ తీసేసి పాత ఫైళ్ళకే ఉంచండి. లేదంటే వర్చువల్ మిషన్లో పాత విండోస్ పెట్టండి. వైన్ కంటే అదే భద్రం.

2. కొత్త పనంతా యూనికోడ్‌లో మొదలుపెట్టించండి. "ఫాంట్లు లేవు" అనే సాకు పాతబడిపోయింది. పోతన, వేమన 2000 ఎప్పుడో వచ్చాయి. రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, ధూర్జటి, గురజాడ.. ఇవన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే శుభలేఖలకి పనికొచ్చే వంపుల ఫాంట్లు ఇంకా చాలా కావాలి, ఒప్పుకుంటాను.

3. పాత ఫైళ్ళలో మళ్ళీ వాడేవి మాత్రం యూనికోడ్‌లోకి మార్చండి. కన్వర్టర్లున్నాయి. తప్పులూ చేస్తాయి. అందుకని మార్చినదాన్ని చదివే మనిషి కావాలి. ఆ మనిషికి జీతమివ్వాలి.

4. ఆపరేటరు వేళ్ళకి పన్నెండేళ్ళుగా అలవాటైన కీబోర్డుని మార్చుకోమనకండి. ఆ లేఅవుట్‌నే యూనికోడ్‌కి రాయండి. లీనక్సులో అది ఒక టెక్స్ట్ ఫైలు, మనకి శని ఆదివారాల పని.

5. ఏం ఎక్కించినా ముందు "కొల్లేటికోట పెద్దింట్లమ్మ", "స్వాతంత్ర్యం", "లక్ష్మి" అని కొట్టి, పీడీఎఫ్ చేసి, కాగితం మీద చూడండి. విరిగితే ఆ ప్రాజెక్టులో బగ్ నమోదు చెయ్యండి. మనం చెప్పకపోతే వాళ్ళకి కొల్లేరంటే ఏం తెలుస్తుంది?

నెలకి పాతిక బగ్గులు అమెరికా క్లయింటు కోసం మూసేస్తాం కదా. సొంతూళ్ళో మన భాష అచ్చేసి బతికేవాళ్ళ కోసం ఏడాదికి ఒకటి తెరవలేమా?

బాబాయ్ షాపులో ఇప్పుడు ఒక మిషను మీద పాత విండోసే ఉంది, నెట్ లేకుండా. ఇంకోదానిమీద లీనక్సు, ఇంక్‌స్కేప్. మూడోదాన్ని నన్ను ముట్టుకోనివ్వట్లేదు. మొన్న అక్క ఫోన్లోంచి వచ్చిన శుభలేఖ మేటర్ని తిన్నగా ఇంక్‌స్కేప్‌లో పెట్టి, మళ్ళీ టైపు చెయ్యకుండానే కార్డు పూర్తిచేసిందట. "మీ కంప్యూటరు బాగానే ఉంది బాబూ, ముందు మమ్మల్ని అడిగుంటే ఇంకా బాగుండేది" అంది.

తా.క.: తప్పు పడిన ఆ రెండు వేల కరపత్రాల్లో ఒకటి నా డెస్కు ముందు అంటించుకున్నాను. ఎవరైనా కొత్త స్క్రీన్‌షాట్ చూపించినప్పుడు మాట్లాడకుండా దానికేసి వేలు చూపిస్తున్నాను.