పెరట్లో దిగిన చలికాలపు చుట్టాలు

'ది జాయ్ లక్ క్లబ్' నవలతో 1989లో పేరు తెచ్చుకున్న అమెరికన్ రచయిత్రి ఎమీ టాన్ 2016లో, 64 ఏళ్ల వయసులో, పక్షుల బొమ్మలు గీయడం నేర్చుకోవడం మొదలుపెట్టారు. దేశంలో పెచ్చరిల్లిన జాతిద్వేషం మనసును కలచివేస్తుంటే, ఊరట కోసం కాలిఫోర్నియాలోని సాసలీటోలో తన పెరటి వైపు చూశారు.

అక్కడ చలికాలమంటే చుట్టాల కాలం. అలాస్కా, పశ్చిమ కెనడాల నుంచి పసుపు నెత్తి పిచ్చుకలు దిగుతాయి. నెత్తి మీది పసుపు చార చలికాలంలో కాస్త వెలిసినట్టు ఉంటుంది. రెండు కాళ్లతో ఒక్కసారే వెనక్కి గెంతి, ఎండుటాకులు చెదరగొట్టి గింజలు ఏరుకుంటాయి. నిరుడు తిరిగిన పొదల దగ్గరికే మళ్లీ చేరడం వీటి అలవాటు.

గీయాలంటే నిదానంగా చూడాలి.

ఏ పిట్ట దేన్ని తరిమిందో, ఎందుకు బెదిరిందో ఆమె రాసుకున్నవి బొమ్మలతో సహా 2024లో 'ది బ్యాక్‌యార్డ్ బర్డ్ క్రానికల్స్' పుస్తకమయ్యాయి. పాత్రల స్వభావం పట్టుకునే నవలాకారిణి చూపు అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇలా పెరటి పక్షుల్ని గమనించే వీలు మనకూ ఉంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. 15 నిమిషాలు కేటాయిస్తే చాలు. పాఠకులు ఈసారి మామిడి కొమ్మ మీది గోరింకనో, మందార మీది తేనెపిట్టనో చూసి, గీసి, నాలుగు మాటలు రాసి మాకు పంపాలని కోరుతున్నాం.