కొనేది మిషను కాదు, బ్యాటరీ

పోయిన మే నెలలో ఒక శనివారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయనకు షాక్ కొట్టిందిరా. ఏం కాలేదులే, నువ్వు కంగారు పడొద్దు" అంది. ఆ మాట విన్నాక కంగారు పడకుండా ఎట్లా ఉంటాం? చెన్నైలో బస్సెక్కి శ్రీకాళహస్తిలో దిగేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ఇంటికి పోతే నాయన అరుగు మీద కూర్చొని కాఫీ తాగుతున్నాడు. బోరు పక్కన పందిరి వెయ్యాలని ఇనుప యాంగిల్‌కు బొక్కలు పెడుతున్నాడట. మోటారు స్టార్టర్‌లో ఒక ఫేజు తీసుకొని, ఇంకో వైరు బోరు పైపుకు చుట్టి, మధ్యలో మూడు చోట్ల టేపు చుట్టిన పాత వైరును తడి గెనిమ మీదుగా లాక్కుపోయాడు. పైపు మీద చెయ్యి పడగానే విసిరేసినట్టు కయ్యలో పడ్డాడు. బురద మెత్తగా ఉంది కాబట్టి సరిపోయింది.

మన పల్లెల్లో ఇది కొత్త కాదు. వ్యవసాయానికి వచ్చేది త్రీ ఫేజు కరెంటు. డ్రిల్లు పెట్టుకోవడానికి చేలో ప్లగ్గు ఉండదు. అందుకే ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడేస్తారు. నేల ఎండిపోయి ఎర్త్ సరిగ్గా అందకపోతే ఆ పైపులోకే కరెంటు వచ్చి కూర్చుంటుంది. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, చేసేది జావా ఉద్యోగం. ఇన్నేళ్ళు ఆ వైరును చూస్తూ కూడా ఒక్క మాట అనలేదు. తప్పు నాది కూడా.

మొదటిసారి బోల్తా

ఆ రాత్రే ఫోన్‌లో ఆఫర్ చూసి 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్లు ఆర్డర్ చేశా. మూడో రోజు వచ్చింది. నాయన దాన్ని యాంగిల్ మీద పెట్టి నొక్కాడు. నాలుగు చుట్లు తిరిగి మూలిగి ఆగిపోయింది. "బాగుండాదిరా. గోడకు దేవుడి పటం తగిలించేదానికి పనికొస్తాది" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. నాకు అదే ఎక్కువ.

అప్పుడు గానీ కూర్చొని చదవలేదు. తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, మనం కొనేది మిషను కాదు, బ్యాటరీ. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషనుకు మామూలుగా పట్టదు. ఒకే కంపెనీలో కూడా రెండు వరసలు ఉంటే ఒకదానిది ఇంకోదానికి పట్టకపోవచ్చు. ఈరోజు డ్రిల్లుతో ఏ బ్యాటరీ ఇంట్లోకి వస్తుందో, రేపు గ్రైండరు, కొమ్మలు కోసే రంపం అన్నీ దాని చుట్టమే కావాలి. కాబట్టి డ్రిల్లు ధర ఒక్కటే చూడొద్దు. ఆ బ్యాటరీ మీద ఇంకా ఏమేం నడుస్తాయి, మూడేళ్ళ తర్వాత అదే బ్యాటరీ తిరుపతిలోనో చెన్నైలోనో దొరుకుతుందా అని అడగాలి.

వోల్టుల లెక్క

నాయనకు నీళ్ళ ట్యాంకుతో చెప్పా. వోల్టులంటే ట్యాంకు ఎత్తు. ఆంపియర్ అవర్లంటే ట్యాంకులో పట్టే నీళ్ళు. రెండూ గుణిస్తే వాట్ అవర్లు, అంటే మొత్తం సత్తువ. 18 వోల్టుల బ్యాటరీలో లిథియం సెల్లులు ఐదు వరసగా ఉంటాయి. ఒక్కోటి 3.6 వోల్టులు, ఐదైతే 18. ఫుల్ ఛార్జ్‌లో ఒక్కోటి 4.2, ఐదైతే 21. అందుకే ఒకరు 18 అంటారు, ఒకరు 20 అంటారు, ఇంకొకరు 21 అంటారు. మూడూ ఒకటే. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే వాటి మీద 48, 88 అని అంకె వేసి పక్కన ఏదో అక్షరం కలుపుతారు. అవి వోల్టులు కావు. చాలావాటిలో విప్పి చూస్తే అవే ఐదు సెల్లులు.

ఇక పనిని బట్టి ఆకలి. డ్రిల్లుతో మరలు బిగించడం సజ్జ పంట లాంటిది, కొంచెం నీళ్ళతో గట్టెక్కుతుంది. గ్రైండరు చెరకు తోట, ఎంత పోసినా చాలదు. గట్టిగా ఇనుము కోస్తూ 600 వాట్లు లాగిందనుకోండి. 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 36 వాట్ అవర్లు. మూడున్నర నిమిషాలకే ఖాళీ. 4 అయితే ఏడు నిమిషాలు. పైగా 4 దాంట్లో మామూలుగా సెల్లులు రెండు వరసలు ఉంటాయి కాబట్టి బరువు పంచుకుంటాయి, తొందరగా వేడెక్కవు. గ్రైండరుకు 4కు తగ్గొద్దు. రెండు బ్యాటరీలు ఉంటే ఒకటి పనిలో, ఒకటి ఛార్జింగ్‌లో.

మోటారులో కార్బన్ బ్రష్‌లు లేని రకం, అంటే బ్రష్‌లెస్ తీసుకోండి. ధర ఎక్కువే. కానీ అదే బ్యాటరీతో ఎక్కువ పని చేస్తుంది, బ్రష్‌లు అరిగి మార్చే పని ఉండదు.

బావ చెప్పిన మాట

మా బావకు పానగల్‌లో కార్పెంటరీ షాపు ఉంది. మొత్తం బ్యాటరీ మిషన్లే కొనిద్దామని నేను ఊపు మీద ఉంటే ఆయన నవ్వాడు. "బల్ల మీద పనికి వైరు మిషనే రాజు. చవక, బలం, పొద్దంతా నడుస్తాది. ఇంటికి పోయి తలుపులు, కబోర్డులు బిగించేటప్పుడే బ్యాటరీ." నిజమే. షాపులో రంపానికి, రూటరుకు బ్యాటరీ పెట్టడం డబ్బు దండగ. ఆ డబ్బులో కొంత పెట్టి షాపు లైన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగిస్తే ప్రాణానికి కాపలా. బావ షాపుకు అదే వేయించా.

ఎండ, అమెరికా ఛార్జరు

మన ఎండలు తెలిసినవే. రోహిణి కార్తెలో రేకుల మోటారు రూములో బ్యాటరీ పెడితే దాని ఆయుష్షు కరిగిపోతుంది. వేడి బ్యాటరీని మంచి ఛార్జరు ఛార్జ్ చెయ్యదు, చల్లారేదాకా ఆగుతుంది. పాడైందని కొట్టకండి. రాత్రిపూట ఇంట్లో, చల్లటి చోట పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌లో ఉంచండి.

మా పెదనాన్న కొడుకు అమెరికా నుంచి మంచి సెట్టు తెచ్చాడు. ఛార్జరు 120 వోల్టులది. పిన్ను మార్చే అడాప్టరు పెట్టి మన 230లో గుచ్చితే టప్పుమంది. అడాప్టరు ఆకారం మారుస్తుంది గానీ వోల్టులు మార్చదు. ఎవరైనా తెస్తామంటే ఛార్జరు మీద 100 నుంచి 240 అని ఉందా చూడమనండి. విడి బ్యాటరీలు విమానంలో చేతి సంచీలోనే తేవాలి. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

ఇంకొక్క మాట, గట్టిగా చెబుతున్నా. గ్రైండరుకు కట్టె కోసే పళ్ళ బ్లేడు బిగించొద్దు. కొయ్యలో ఇరుక్కుంటే మిషను మీ మీదికే ఎగురుతుంది. గార్డు తీయొద్దు. డిస్కు మార్చే ముందు బ్యాటరీ ఊడదీయండి. కళ్ళద్దాలు పెట్టుకోండి.

చివరికి 18 వోల్టుల బ్రష్‌లెస్ డ్రిల్లు, అదే బ్యాటరీతో నాలుగంగుళాల గ్రైండరు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు కొన్నాం. ఆ 12 వోల్టులది అమ్మ తీసుకుంది, దేవుడి పటాలకే. పందిరి లేచింది. సాయంత్రం చేలో నుంచి వచ్చేటప్పుడు నాయన బ్యాటరీలను తువాలులో చుట్టి టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకొని తెస్తాడు.

పాత వైరు మాత్రం మోటారు రూములో మేకుకు ఇంకా వేలాడుతోంది. పారేద్దామంటే "ఉండనీరా, ఎప్పుడైనా పనికొస్తాది" అన్నాడు. ఈసారి ఆయన మాట వినలేదు. మూడు ముక్కలు చేసి సంచీలో వేసుకొని చెన్నై బస్సెక్కా. మీ ఇంట్లో కూడా అట్లాంటి వైరు ఒకటి ఉండే ఉంటుంది. మిషను తర్వాత చూద్దాం, ముందు దాని సంగతి చూడండి.